ఇంటి పన్ను – జప్తు వారంటు – చీరాల

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. మునిసిపల్ రెవెన్యూ సెక్షనులో గుమాస్తాగా చేరి, ఆ రిజిస్టర్లలోనే కళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి. అందుచేత పన్ను బకాయిల సంగతే వ్రాస్తున్నాను.

పన్ను కట్టకపోతే ఏమవుతుందో మన తెలుగునాట ఒక ఊరు ఊరంతా అనుభవించి చూసింది. అది చీరాల-పేరాల. అప్పట్లో గుంటూరు జిల్లాలోనిది. రెండు గ్రామాలూ కలిపి సుమారు 15 వేల జనం. నేతపనివారు, చిన్న రైతులు ఎక్కువ. యూనియనుగా ఉన్నన్నాళ్ళూ ఏడాదికి 4 వేల రూపాయల పన్నుతో సరిపోయేది. 1919లో మద్రాసు ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేసేసరికి పన్ను 40 వేలకు పెరిగింది. పదింతలు! మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు. వినే నాథుడు లేడు. కౌన్సిలర్లు రాజీనామాలిచ్చారు. ప్రభుత్వం జీతగాడైన చైర్మన్ను తెచ్చి కూర్చోబెట్టింది. జనం పన్ను కట్టం అన్నారు. కేసులు పెట్టి పన్నెండు మందిని జైలుకు పంపారు, అందులో ఒకరు స్త్రీ.

ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వీరికి నాయకుడు. 1921 ఏప్రిల్లో బెజవాడ కాంగ్రెసు సభల తర్వాత గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శాంతంగా శిక్షలు అనుభవించడం ఒక దారి, మునిసిపల్ హద్దు దాటి ఊరే వదిలిపోవడం రెండో దారి అన్నారు. జనం రెండోది పట్టారు. ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఆస్తి ఒకచోట, మనుషులు ఒకచోట. పదకొండు నెలలు అలా గడిచాయి. మగ్గం గుంట తవ్వుకున్న ఇల్లు వదిలి పాకలో ఉండటమంటే నేతగాడికి ఎంత కష్టమో ఆలోచించండి. బరంపురంలో నిషేధం ధిక్కరించి మాట్లాడినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఏడాది శిక్ష పడింది. నాయకుడు జైల్లో, చేతిలో డబ్బు లేదు. చివరకు 1922లో తిరిగి ఇళ్ళకు వచ్చారు.

ఇది పోరాటం. పేదరికం వల్ల పడే బకాయి వేరు. దానికి దండలు వేసేవారుండరు.

ఈరోజుల్లో గడువు దాటితే నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ. ఏప్రిల్లోనే ఏడాదిది కట్టేస్తే 5 శాతం రాయితీ. అయితే అప్పుడప్పుడు ప్రభుత్వం వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది. క్యూలో నిలబడి వేళకు కట్టిన మనబోటి పెన్షనర్లు వెర్రివాళ్ళమా అనిపిస్తుంది, నిజం చెప్పొద్దూ!

మా రోజుల్లో ఆయుధం జప్తు వారంటు. ముందు బిల్లు, తర్వాత డిమాండు నోటీసు, అప్పటికీ కట్టకపోతే వారంటు. సూర్యోదయం తర్వాతే వెళ్ళాలి, అస్తమయం లోపల ముగించాలి. కట్టుబట్టలు, పక్కబట్టలు, వంటపాత్రలు, చేతిపనివారి పనిముట్లు ముట్టుకోరాదు. చట్టం వ్రాసినవాడికి ఆ మాత్రం దయ ఉంది.

ఒక మార్చి నెలాఖరున, టార్గెట్ కోసం, బిల్ కలెక్టరుతో పాటు ఒక నేతగాడింటికి వెళ్ళాను. ఊరి పేరు వ్రాయను. బకాయి 46 రూపాయలు. మగ్గం పనిముట్టు, ముట్టరాదు. మిగిలింది ఒక ఇత్తడి గంగాళం. "అది వంటపాత్రే గదా బాబూ, నీళ్ళు దాంట్లోనే కాస్తాం" అన్నది ముసలమ్మ. నేను పంచనామాలో "నీళ్ళ గంగాళం – 1" అని వ్రాశాను. నీళ్ళు కాచేది వంటపాత్ర అవునో కాదో పై అధికారిని అడగవచ్చు. అడగలేదు, టార్గెట్ గుర్తుంది.

వేలంలో దానికి 37 రూపాయలు వచ్చాయి. మిగతా 9 రూపాయల బాకీని మరుసటి ఏడాది రిజిస్టరులో నా చేతితోనే ఎక్కించాను.