పుంగ్గోల్ తీరం: బోను నుంచి బురద దాకా

సింగపూర్‌కు చలికాలం లేదు. అయినా ఏటా సెప్టెంబరు నుంచి మార్చి దాకా అక్కడి పక్షిప్రియులకు పండగే. సైబీరియా గడ్డకట్టే వేళకు ఉల్లంకి పిట్టలు, ప్లోవర్లు దక్షిణానికి దిగుతాయి. ద్వీపానికి ఈశాన్య కొసన, జోహోర్ జలసంధిని ఆనుకుని ఉన్న పుంగ్గోల్ ఆ దారిలోనే ఉంది.

అయితే జనం జంతువులను చూడ్డానికి ఈ ఒడ్డుకు రావడం మొదలైంది వలసపక్షుల కోసం కాదు, బోనుల కోసం. భారతీయ సంతతి వ్యాపారి విలియం లారెన్స్ సోమా బాసప్ప సెరంగూన్ రోడ్డులోని తన జంతుశాలను 1928లో పుంగ్గోల్ సముద్రతీరానికి మార్చాడు. అందులో సుమారు 200 జంతువులు, 2,000 పక్షులు ఉండేవంటారు. అపే అనే పులి ఆయనకు పెంపుడు జంతువు. 1942లో జపాన్ సేనలు ఉత్తరం నుంచి వచ్చిపడుతుంటే, రక్షణ ఏర్పాట్లకు ఆ స్థలం కావాలన్న బ్రిటిష్ సైన్యం ఖాళీ చేయడానికి ఒక్క రోజే గడువిచ్చింది. అంత బలగాన్ని ఒక్క రోజులో ఎక్కడికని తరలిస్తాడు? హాని చేయనివాటిని వదిలేశారు, ప్రమాదకరమైనవాటిని కాల్చేశారు. మరుసటి ఏడాదే బాసప్ప కన్నుమూశాడు. అంతకుముందు, సింగపూర్ జపాన్ వశమయ్యాక, 1942 ఫిబ్రవరి 28న ఆ తీరంలోనే జపాన్ సైన్యం వందలాది చైనీయులను కాల్చి చంపింది.

యుద్ధం తర్వాత పుంగ్గోల్ అంటే పందుల పెంపకం. పక్కనే సెరంగూన్ నది ఒడ్డున, లోరోంగ్ హలుస్‌లో 1970 నుంచి 1999 దాకా నగరపు చెత్త పోశారు. విచిత్రమేమంటే, మనిషి ముక్కు మూసుకున్న చోటే పిట్టలకు విందు! నదీముఖంలోని బురదలో పురుగులు, నత్తలు దండి. పైగా అటు వెళ్లి వాటిని బెదరగొట్టేవాళ్లూ తక్కువ. పక్షిప్రియులు మాత్రం బైనాక్యులర్లు పట్టుకుని ఆ కంపులోకే నడిచేవారు.

1984లో ప్రభుత్వం పందుల పెంపకాన్ని దశలవారీగా ఆపేయాలని నిర్ణయించింది. 1996లో అక్కడ కొత్త పట్టణం కట్టే పుంగ్గోల్ 21 పథకం ప్రకటించారు. సముద్రాన్ని పూడ్చి నేల పెంచారు, నదులకు అడ్డుకట్టలు కట్టి జలాశయాలు చేశారు. ఆటుపోట్లకు తేలి మునిగే బురద పోతే ఉల్లంకికి మేత లేనట్టే. ఆ నష్టం లెక్కను అభివృద్ధి కరపత్రాల్లో వెతకడం దండగ.

మరి సముద్రపు క్షీరదాలు? ఇక్కడి డుగాంగ్ (సముద్రపు ఆవు) గురించి, సింగపూర్‌లో బ్రిటిష్ స్థావరం నెలకొల్పిన స్టాంఫర్డ్ రాఫెల్స్ రాసిన నివేదికను లండన్ రాయల్ సొసైటీ 1820లోనే అచ్చువేసింది. ఎదుట ఉన్న ఉబిన్ ద్వీపపు చెక్ జావాలో సముద్రపు గడ్డిని అది మేసిన చాళ్లు ఇటీవలి కాలంలోనూ కనిపించాయి. ప్రాణిని చూసినవాళ్లు అరుదు.

నీటికుక్కల తీరు వేరు. కాలుష్యం వల్ల సింగపూర్‌లో దాదాపు కనుమరుగైన ఇవి, 1998లో సుంగై బులో చిత్తడి నేలల్లో మళ్లీ కనిపించాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో తిరిగేదీ ఈ జాతే. ఉప్పునీటిలో వేటాడినా, బొచ్చు కడుక్కోవడానికి వీటికి మంచినీళ్లు కావాలి. పుంగ్గోల్‌లో సముద్రం, జలాశయం పక్కపక్కనే ఉన్నాయి. పిట్టల బురదను మింగిన కట్టలే వీటికి కలిసొచ్చాయి. 2015లో పార్కుగా తెరిచిన కోనీ ద్వీపంలో నీటికుక్కలు ఉదయపు నడకకొచ్చినవాళ్ల ఎదుటే చేపలు నములుతాయి.

పూడ్చి వదిలేసిన నేలల్లో కొన్నాళ్లు గడ్డి పెరిగి గిజిగాళ్లు చేరాయి. ఇప్పుడు పుంగ్గోల్ ఉత్తరాన డిజిటల్ డిస్ట్రిక్ట్ లేస్తోంది. సింగపూర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2024లో అక్కడికే వచ్చింది.