రెహమాన్ చదువు మానేశారా, మానాల్సొచ్చిందా?

ఇవాళ్టి ఎపిసోడ్ మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నకి సమాధానం. కొంచెం లేటుగా చెప్తున్నా, అంతే.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలేసి వీడియోలు చేస్తానని ఇంట్లో చెప్పిన రోజు పెద్ద గొడవ. నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది అనుకున్నా. "అమ్మా, ఏ.ఆర్. రెహమాన్ కూడా చదువు మధ్యలో మానేశాడు తెలుసా?" అన్నా. అమ్మ చపాతీ పిండి కలుపుతూ, తలెత్తకుండానే అడిగింది: "ఆయన మానేశాడా, మానాల్సొచ్చిందా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ కథ నేను రీల్స్‌లో చూశాను, చదవలేదు. తర్వాత కూర్చుని చదివాను.

1967 జనవరి 6న మద్రాసులో పుట్టిన ఆ అబ్బాయి పేరు దిలీప్ కుమార్. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకి సంగీత దర్శకుడు. వేరే సంగీత దర్శకుల పాటలకి ఆర్కెస్ట్రా నడిపించే పని కూడా చేసేవారు. పిల్లాడు చాలా చిన్న వయసు నుంచే నాన్న పక్కన కూర్చుని కీబోర్డు మీద వేళ్ళు పెట్టేవాడు. 1976లో నాన్న చనిపోయారు. దిలీప్‌కి తొమ్మిదేళ్ళు. ఇంట్లో అమ్మ, ముగ్గురు అక్కచెల్లెళ్ళు. నాన్న వదిలి వెళ్ళిన ఆస్తిలో పనికొచ్చేవి ఏంటంటే, ఆయన వాయిద్యాలు. వాటిని అద్దెకిచ్చి ఇల్లు గడిపారు.

పదకొండేళ్ళు వచ్చేసరికి దిలీప్ డబ్బుల కోసం వాయించడం మొదలుపెట్టాడు. నాన్న స్నేహితుడు ఎం.కె. అర్జునన్ తన ఆర్కెస్ట్రాలో చోటిచ్చారు. ఆ తర్వాత ఇళయరాజా గారి దగ్గర కీబోర్డు. దూరదర్శన్‌లో పిల్లల ప్రోగ్రామ్‌లో ఒకేసారి నాలుగు కీబోర్డులు వాయించిన కుర్రాడిగా పేరొచ్చింది. చూసేవాళ్ళకి అది వింత, ముచ్చట. ఇంట్లోవాళ్ళకి అది బియ్యం, అద్దె.

మరి స్కూలు? పగలు రికార్డింగ్ ఉంటే క్లాసు పోయినట్టే. పరీక్షలు తప్పాయి. ఒక స్కూల్లో వాళ్ళ అమ్మని పిలిపించి, ఈ పిల్లాణ్ణి ఇక పంపొద్దని అవమానకరంగా మాట్లాడారని ఆయనే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. స్కూలు మారాడు. చివరికి మద్రాస్ క్రిస్టియన్ కాలేజ్ హయ్యర్ సెకండరీ స్కూల్లో చేరాడు. అక్కడ తోటి పిల్లలతో కలిసి బ్యాండ్ కట్టాడు. హైస్కూలు జ్ఞాపకాల్లో కాస్త వెలుతురున్న భాగం ఇదే. కానీ రెండు పడవల ప్రయాణం ఎన్నాళ్ళు? అమ్మతో మాట్లాడి, ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం: చదువు ఆపేయడం.

సో ఫ్రెండ్స్, ఇది "డ్రీమ్ కోసం డ్రాపవుట్" కథ కాదు. చిన్నప్పుడు తనకి సంగీతం మీద పిచ్చేమీ లేదనీ, టెక్నాలజీ మీదే ఎక్కువ ఆసక్తి ఉండేదనీ, ఇంజినీర్ అవ్వాలనుకున్నాననీ రెహమాన్ చాలాసార్లు చెప్పారు. అంటే నేను బీటెక్ చదివి వదిలేసిన సీటు, ఆయన కోరుకున్నా దొరకని సీటు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

ఇంకో విషయం. స్కూలు ఆగింది గానీ చదువు ఆగలేదు. అప్పట్లో తమిళం, తెలుగు, మలయాళం, కన్నడ పాటలు చాలావరకు మద్రాసులోనే రికార్డయ్యేవి. వయొలిన్లు, తబలా, గిటార్లు అన్నీ ఒకే హాల్లో కలిసి వాయించాలి. ఒకరు తప్పితే టేక్ మళ్ళీ మొదటికి. అంత కఠినమైన క్లాస్‌రూమ్ ఇంకెక్కడుంటుంది? పాశ్చాత్య సంగీతం ధనరాజ్ మాస్టర్ దగ్గర నేర్చుకున్నారు. ఇళయరాజా గారికి కూడా గురువు ఆయనే. మన తెలుగువాళ్ళు రమేష్ నాయుడు గారు, రాజ్-కోటి గార్ల దగ్గర కూడా పనిచేశారు. రాజ్ గారు టి.వి. రాజు కొడుకు, కోటి గారు సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ముగ్గురూ సంగీత దర్శకుల పిల్లలే. కాకపోతే ఒకరికి తండ్రి నేర్పే టైమ్ దొరకలేదు.

1983లో 'మిడి' అనే ప్రమాణం వచ్చింది. వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి భాష అది. మన భాషలో చెప్పాలంటే ప్రోటోకాల్. అప్పుడు దిలీప్‌కి పదహారు. ఇంజినీర్ అవ్వాలన్న కోరిక, తప్పనిసరై పట్టుకున్న సంగీతం, రెండూ ఒకే పెట్టెలో కలిశాయి. 1987లో యాడ్ మ్యూజిక్ మొదలుపెట్టారు, ఆల్విన్ వాచీల కోసం. అవును, మన హైదరాబాద్ ఆల్విన్. సొంత స్టూడియోలో సామాన్ల కోసం అమ్మ తన నగలు ఇచ్చేశారు. 1992లో 'రోజా' వచ్చింది, మొదటి సినిమాకే జాతీయ అవార్డు.

2008లో ఆయన చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ పెట్టారు. స్కూలు పూర్తి చేయలేకపోయిన మనిషి పిల్లల కోసం ఒక స్కూలు కట్టారు. చదువు అనవసరం అనుకునేవాళ్ళు చేసే పనేనా ఇది?

నేను జాబ్ మానేసినందుకు బాధపడట్లేదు. కానీ నాకు వెనక్కి వెళ్ళడానికి ఒక డిగ్రీ ఉంది, నెలనెలా పెన్షన్ వచ్చే నాన్న ఉన్నారు. నా రిస్కుని ఆయన కష్టం పక్కన పెట్టడమే తప్పు.

మొన్న అమ్మకి ఫోన్ చేసి చెప్పా: "మానాల్సొచ్చిందమ్మా."

"అదే కదా నేనన్నది," అంది. "తిన్నావా?"

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం ఫ్రెండ్స్.