రాజలక్ష్మి తిన్న హల్వా

పత్తికొండలో మా అన్న లా చదివే రోజుల్లో పాఠాలు పైకి వల్లించేవాడు. బియ్యం ఏరుకుంటున్న అవ్వ ఓసారి విషం హల్వా కేసు దగ్గర ఆపింది. ‘వాడేమనుకున్యా పాప సచ్చిపాయ గదా! ఇంగేం జూస్తారు?’ అంది. చాలా ఏళ్ళకు ఆ తీర్పు చదివితే, న్యాయమూర్తులు విడిపోయింది కూడా అక్కడే.

అది 1912లో మద్రాసు హైకోర్టు చెప్పిన సూర్యనారాయణమూర్తి కేసు. నిందితుడు అప్పల నరసింహులు పేరిట, అతనికి తెలియకుండా, పెద్ద మొత్తాలకు బీమా చేయించాడు. ఆ డబ్బు కోసం దగ్గర బంధువు ఇంటికి పిలిచి, ఆర్సెనిక్, పాదరసం కలిపిన హల్వా పెట్టాడు. నరసింహులు కొంచెం తిని మిగతాది పారేశాడు. ఆ ఇంటి పిల్ల రాజలక్ష్మి, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళది, అది తీసుకుని తింది. అతను బతికాడు. పిల్ల చనిపోయింది.

కింది కోర్టు నరసింహులుపై హత్యాయత్నానికి ఏడేళ్ళు వేసింది. రాజలక్ష్మి సంగతి? బెన్సన్ హత్యే అన్నాడు, సుందర అయ్యర్ కాదన్నాడు. మూడో న్యాయమూర్తి అబ్దుర్ రహీం బెన్సన్ వైపు నిలిచాడు. ఒకరిని చంపాలనుకుని చేసిన పని మరొకరి ప్రాణం తీసినా హత్యేనని శిక్షాస్మృతి 301వ సెక్షన్. పిల్ల తనంతట తాను తీసుకుని తినడం నేరాన్ని తగ్గిస్తుందా అన్నది కూడా ఆ తీర్పులో చర్చే. ఇంట్లో మిఠాయి కనబడితే పిల్లలు ఏం చేస్తారో తెలుసుకోవడానికి హైకోర్టు దాకా వెళ్ళాలా!

1919లో అదే కోర్టుకు పళని గౌండన్ కేసు వచ్చింది. భార్యను నాగలి కర్రుతో కొట్టాడు. ఆమె స్పృహ తప్పింది. చచ్చిందనుకుని, ఆత్మహత్యలా కనబడాలని దూలానికి వేలాడదీశాడు. ఆమె చనిపోయింది ఆ ఉరితోనే. ఫుల్ బెంచి అది హత్య కాదంది, నేరపూరిత నరహత్య కూడా కాదంది. దెబ్బ చంపాలని కొట్టింది కాదు, ఉరి వేసేటప్పుడు అతని దృష్టిలో ఆమె శవం. మిగిలింది తీవ్రగాయం నేరం.

ఉద్దేశం చూడొద్దని నేననను. చూడకపోతే ప్రతి ప్రమాదమూ హత్యే అవుతుంది. నా అభ్యంతరం వేరు. పెళ్ళాం ఊపిరి ఆడుతోందో లేదో చూడాల్సిన బాధ్యత ఆ లెక్కలో ఎక్కడ? చూడనివాడి నమ్మకమే వాడికి రక్షణ అయింది.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 301 కాస్తా 102 అయింది. ఆ పాఠం విన్నరోజు రాత్రి అవ్వ మళ్ళీ అడిగింది, ‘ఆ పాప పేరేంది నాయనా?’ అని. అన్న నోట్సు తిరగేశాడు. నిందితుడి పేరుంది, సెక్షనుంది.