రైలు లేని దీవిలో రైల్స్

2012లో ఓ మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ బస్టాండులో చౌల్దారీ బస్సు కోసం నిలబడ్డాను. అండమాన్‌లో రైలెక్కే భాగ్యం ఎవరికీ లేదు. నా చొక్కా జేబులో మాత్రం ఒక పెన్‌డ్రైవ్, దాన్నిండా రైల్స్.

చౌల్దారీ దక్షిణ అండమాన్‌లో, ఫెర్రార్‌గంజ్ తహసీలులో ఉంటుంది. మా మేనమామ కుటుంబం శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడింది. ఇందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి నూరుమందిలో 13 మంది మాతృభాష తెలుగే. ఆ ఇంట్లో కూర్చుని రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, రైల్స్ అనే పనిముట్ల పెట్టెతో ఒక చిన్న వెబ్‌సైటు కట్టాలని నా పంతం. నెట్ మాత్రం పట్నంలోని నెట్ సెంటర్లోనే కాస్త నడిచేది. అందుకని కావాల్సినవన్నీ అక్కడే దించుకుని జేబులో వేసుకున్నాను.

"అందులో ఏటి తెచ్చావురా?" అన్నాడు మావయ్య.

"రత్నాలు మావయ్యా."

అబద్ధం కాదు. రూబీలో ఎవరైనా రాసి పంచిపెట్టే కోడ్ మూటని 'జెమ్' అంటారు. రైల్స్ అని ఒక్క మాట అంటాం గానీ అది ఒక్క మూట కాదు. డేటాబేస్‌తో మాట్లాడే యాక్టివ్ రికార్డ్, పేజీ అడిగినవాడికి జవాబిచ్చే యాక్షన్ ప్యాక్, ఆ కింద సర్వర్‌కీ మన కోడ్‌కీ మధ్య దుబాసీలా కూర్చునే రాక్, ఒక్కోదానికీ మళ్లీ దాని తోకలు. పెళ్లివారిని పిలిస్తే చుట్టాల చుట్టాలు కూడా దిగినట్టు.

అన్నీ ఎక్కాయి. నొకొగిరి దగ్గర ఆగిపోయింది. వెబ్ పేజీని ముక్కలుగా కోసి, అందులో మనకి కావాల్సింది తీసిచ్చే జెమ్ అది. జపనీస్‌లో నొకొగిరి అంటే రంపం. 1883 నాటి చాథమ్ రంపపు మిల్లు ఉన్న ఊరి నుంచి రంపం మోసుకొచ్చానన్నమాట. కానీ దానికి కింద లిబ్‌ఎక్స్‌ఎంఎల్ అనే సి భాష లైబ్రరీ ఉండాలి, మన కంప్యూటర్లోనే దాన్ని కలిపి కట్టుకోవాలి. అది తేలేదు. మర్నాడు మళ్లీ బస్సు.

"ఉప్పు మరిచిపోయి వచ్చినట్టుంది నీ సంత," అని నవ్వాడు మావయ్య.

అసలు రూబీ భాష పేరు పగడం అయ్యుండేది. 1993 ఫిబ్రవరి 24న జపాన్‌లో యుకిహిరో మత్సుమోతో, ఆయన స్నేహితుడు కెయిజు ఇషిత్సుకా కంప్యూటర్లో కబుర్లాడుకుంటూ, ఒక్క అక్షరం కూడా రాయని భాషకి పేరు వెతికారు. పోటీలో మిగిలినవి రెండు: కోరల్ (పగడం), రూబీ (కెంపు). అప్పటికే పెర్ల్ భాష వాడుకలో ఉంది, పలికితే ముత్యమే. ముత్యం జూన్‌లో పుట్టినవాళ్ల రాయి, కెంపు జులైవాళ్లది. ముత్యం తర్వాత వచ్చేది కెంపే. పైగా ఒక సహోద్యోగి జన్మరాయి కూడా అదే. అలా పగడం ఓడింది. చుట్టూ పగడపు దిబ్బలున్న దీవిలో కూర్చుని ఈ కథ చదివినవాడికి చిన్న చివుక్కు తప్పదు.

జపాన్ అంటే అండమాన్ పాతతరానికి వేరే అర్థం. 1942 మార్చి నుంచి 1945 దాకా ఆ దీవులు జపాన్ సైన్యం కింద నలిగాయి. ఆనాటి బాంబు చేసిన గొయ్యి చాథమ్ మిల్లులో ఇప్పటికీ చూపిస్తారు. అదే దేశం నుంచి యాభై ఏళ్ల తర్వాత బయల్దేరిన ఈ భాష ఉద్దేశం మాత్రం, రాసేవాడు సంతోషంగా రాయాలని. మత్సుమోతో దాన్ని 1995 డిసెంబర్ 21న నలుగురికీ ఇచ్చాడు. చాలా ఏళ్లపాటు జపాన్ దాటి తెలిసినవాళ్లు తక్కువ. 2000లో డేవ్ థామస్, ఆండీ హంట్ ఇంగ్లిష్‌లో పుస్తకం రాశాక బయటివాళ్లు చెయ్యి పెట్టారు.

రూబీ వెబ్ కథ అసలు మొదలైంది 2004లో. మార్చి 14న రూబీజెమ్స్ వచ్చింది: ఒక్క ఆజ్ఞతో మూట దిగుతుంది. జులైలో డెన్మార్క్‌కి చెందిన డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్, తాను బేస్‌క్యాంప్ అనే సైటు కడుతూ పోగేసిన పనిముట్లను విడదీసి రైల్స్ అని పేరుపెట్టి ఉచితంగా ఇచ్చాడు. దాని కిటుకు ఒక్కటే. అందరూ ఒకేలా చేసే పనిని మళ్లీ మళ్లీ రాయించదు. 'టికెట్' అని ఒక క్లాసు రాస్తే, డేటాబేస్‌లో 'టికెట్స్' అనే పట్టిక ఉంటుందని అదే అనుకుంటుంది. పేరు ఏకవచనమా బహువచనమా అన్నది కూడా దానికి తెలుసు. 'స్కాఫోల్డ్' అని అడిగితే చేర్చడం, చూడడం, దిద్దడం, చెరపడం అన్నిటికీ పేజీలు కట్టిపెడుతుంది. మన మేస్త్రీల మాటలో పరంజా. గోడ లేచాక పరంజా విప్పాలి. విప్పకుండా అలాగే కాపురం పెట్టినవాళ్లని చాలామందిని చూశాను.

2005లో హాన్సన్ పావుగంటలో ఒక బ్లాగు కట్టి చూపించిన వీడియో రైల్స్‌ని ప్రపంచమంతా మోసింది. ఆ పావుగంట వీడియో దించుకోవడానికి నాకు దాదాపు ఒక రాత్రి పట్టింది.

ఎందుకంటే అప్పట్లో దీవుల నెట్ ఆకాశం నుంచి రావాలి. ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగినది పైకెళ్లి దిగాలి, జవాబు మళ్లీ పైకెళ్లి దిగాలి. కాంతి వేగంతో పోయినా అర సెకను. నెట్ ఎంత ఖాళీగా ఉన్నా ఆ అర సెకను తగ్గదు. ఒక పేజీకి 30 చిన్న ఫైళ్లున్నాయనుకోండి. బ్రౌజర్ ఒక సర్వర్‌కి ఒకేసారి ఆరు దారులు తెరుస్తుంది. అయిదు విడతలు, అంటే రెండున్నర సెకన్లు ఉత్త ఎదురుచూపుకే పోతాయి. బొమ్మల బరువు వేరే.

రూబీ పనిముట్ల చరిత్ర నాకు అక్కడి నుంచే అర్థమైంది. మహానగరాల్లో కూర్చున్నవాళ్లకి అవి సదుపాయాలు. దీవిలో ఉన్నవాడికి తగ్గిన ప్రయాణాలు. 2010లో స్థిరపడ్డ బండ్లర్ మా ఇంటి సరుకుల చీటీ లాంటిది. ఏ జెమ్, ఏ వెర్షన్ అన్నది లాక్ ఫైలులో రాసిపెడుతుంది. అడిగితే అన్నిటినీ 'వెండర్' ఫోల్డర్లో కూర్చి ఇస్తుంది, ఇక నెట్ అక్కర్లేదు. 2011లో రైల్స్ 3.1తో వచ్చిన అసెట్ పైప్‌లైన్ ఆ 30 ఫైళ్లని రెండు మూడుగా కుదిస్తుంది. పేజీ మారలేదంటే సర్వర్ పేజీ పంపకుండా 304 అనే అంకె మాత్రం పంపుతుంది: "నీ దగ్గరున్నదే చదువుకో" అని. రూబీతో వచ్చే 'రి' అనే డాక్యుమెంటేషన్ పూర్తిగా మన కంప్యూటర్లోనే ఉంటుంది. చౌల్దారీలో నాకు గురువు అదే.

ఇంకొకటి చెప్పకపోతే మనసొప్పదు. హిందుస్తానీలో ఛోల్దారీ అంటే చిన్న గుడారం. ఊరి పేరు వినగానే నాకు ఆ మాటే తట్టేది. గుడారం పేరుతోనే రూబీలో ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఉంది: క్యాంపింగ్. 2006లో వచ్చింది. మొత్తం కోడ్ నాలుగు కిలోబైట్లలోపే. ఆ నెట్ మీద కూడా రెప్పపాటులో దిగింది. రాసినవాడు 'వై ద లక్కీ స్టిఫ్' అన్న మారుపేరు వెనక దాక్కున్న చిత్రకారుడు, గాయకుడు, ప్రోగ్రామర్. 2009 ఆగస్టు 19న తన సైట్లు, కోడ్ అన్నీ చెరిపేసి మాయమయ్యాడు. ఎవరెవరి దగ్గరో మిగిలిన నకళ్లు పోగేసి మిగతావాళ్లు వాటిని నిలబెట్టారు. దించి దాచుకునే అలవాటు దీవుల వాళ్లకే కాదు, అందరికీ పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఇక తెలుగు సంగతి. 'చౌల్దారీ' అని రాసి పొడవెంత అని రూబీని అడిగాను. మన లెక్కలో మూడక్షరాలు. పాత 1.8 రూబీ అయితే 24 అంటుంది, అది బైట్లు లెక్కపెడుతుంది గనక. 1.9 నుంచి 8 అంటుంది: హల్లు వేరు, గుణింతం వేరు, పొల్లు వేరు. తిరగేసి చూపమంటే ముందు ఏ హల్లుకీ అంటని గుడిదీర్ఘం వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో ఇదే పేరు తొమ్మిది బైట్లు. ఉపగ్రహం మీద తెలుగు పేజీ పంపేవాడు జిప్ చేసి పంపక తప్పదు.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది. సుమారు 2,300 కిలోమీటర్లు, 1,224 కోట్ల రూపాయలు. పోర్ట్ బ్లెయిర్‌తోపాటు కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ దాకా మరో ఏడు చోట్లకి. చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య కాంతికి రానూపోనూ సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. కేబుల్ అవతలి కొసనున్న చెన్నైలోనే 2010లో ఫ్రెష్‌డెస్క్ అనే కంపెనీ పుట్టింది, అదీ రైల్స్ మీదే. అదే కంపెనీ ఫ్రెష్‌వర్క్స్ పేరుతో 2021లో నాస్‌డాక్‌కెక్కింది.

తమాషా ఏమిటంటే, తీగ వచ్చే ముందు ఏడాదే రైల్స్ బాగా బరువెక్కింది. 2019లో రైల్స్ 6, జావాస్క్రిప్ట్ కోడ్‌ని మూటకట్టే వెబ్‌ప్యాక్‌ని, దానితో వచ్చే వేలాది జావాస్క్రిప్ట్ ఫైళ్లని నెత్తికెత్తుకుంది. తీగ వచ్చిన 2020లోనే, డిసెంబర్లో, హాట్‌వైర్ వచ్చి మళ్లీ బరువు దింపింది: పేజీలో మారిన ముక్కనే సర్వర్ తయారుచేసి పంపుతుంది. దారి ఇరుకైనప్పుడు లావెక్కి, వెడల్పయ్యాక చిక్కిందన్నమాట. 2024 నవంబర్లో వచ్చిన రైల్స్ 8 అయితే చిన్న సైటుకి వేరే డేటాబేస్ సర్వర్ కూడా వద్దు, ఒక్క ఎస్‌క్యూలైట్ ఫైలు చాలంటోంది. ఆ ఏడాది సెప్టెంబర్లోనే పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. మావయ్య ఇంకా పాత పేరే అంటాడు.

పోయినసారి వెళ్లినప్పుడు ఆయన వరండాలోనే కొత్త ప్రాజెక్టు తెరిచాను. జెమ్‌లన్నీ వరసగా దిగిపోతున్నాయి. నొకొగిరి దగ్గర చెయ్యి అలవాటుగా ఆగింది. అక్కర్లేకపోయింది: 2021 జనవరిలో వచ్చిన 1.11 నుంచి అది లైనక్స్‌కి ముందే కట్టిన రూపంలో దొరుకుతోంది, లిబ్‌ఎక్స్‌ఎంఎల్ లోపలే ఉంటుంది.

"ఈసారి ఉప్పు తెచ్చావేటి?" అన్నాడు పక్క నుంచి.

"ఇప్పుడు కలిపే అమ్ముతున్నారు మావయ్యా."