బాణం ఆకు, గుండె ఆకు: ఒకటి కాదు, రెండు

వరిమడిలో తెల్లపువ్వు పూసే నీటికలుపుని మనకాడ అంతా ఒకటే అనుకుని పీకి గట్టుమీద పారేస్తాం. అవి రెండు మొక్కలండి. దాయాదులే గానీ బతుకు వేరు.

ఒకటి నీటిపైకి నిటారుగా లేస్తుంది, ఆకు అచ్చం బాణం మొన. 1753లో స్వీడన్ పండితుడు లినేయస్ దీనికి సాజిటేరియా ట్రైఫోలియా అని పేరు పెట్టాడు. సాజిటా అంటే లాటిన్‌లో బాణం. బురదలో దీనికి దుంపలు కడతాయి. చైనాలో పెద్ద దుంపల రకాన్ని పొలాల్లో పండిస్తారు, జపాన్‌లో కొత్త సంవత్సరం రోజున వండుకుంటారు. మనకి కలుపు, వాళ్లకి కూర!

రెండోదాని ఆకు నీటిమీద చాపలా పరుచుకుంటుంది, గుండె ఆకారం. దీని పేర్ల కథ మన భూమి పట్టాల కథ లాంటిదే. దక్షిణ అమెరికాలో దొరికిన మొక్కకి 1816లో కుంత్ అనే ఆయన గయనెన్సిస్ అన్నాడు. 1825లో నేపాల్ మొక్కకి డేవిడ్ డాన్ లాపులా అన్నాడు. సామర్లకోటలో కంపెనీ డాక్టరుగా ఉండి 1793లో కలకత్తా వెళ్లిన రాక్స్‌బర్గ్, గుండె ఆకుది అనే అర్థంలో కార్డిఫోలియా అని రాసుకున్నాడు. ఆయన పోయాక 1832లో పుస్తకం అచ్చయింది. చివరికి 1955లో బోగిన్ అనే అమెరికా ఆయన అన్నీ ఒకే జాతి అని తేల్చి, మన ఆసియా మొక్కని అందులో ఉపజాతిగా లెక్కేశాడు. నన్నడిగితే రాక్స్‌బర్గ్ పేరే బాగుంది, చూడగానే తెలుస్తుంది.

ఇదంతా మనకేటి అంటారా? గుండె ఆకు గింజతో పెరుగుతుంది, గింజ రాలకముందే పీకితే వచ్చే ఏడు తగ్గుతుంది. బాణం ఆకుని పైపైన పీకితే దుంప బురదలోనే ఉండిపోయి మళ్లీ లేస్తుంది. కూలి రెండుసార్లు.

మందు సంగతీ చెప్పాలి. కాలిఫోర్నియా వరిపొలాల్లో 1989లో బెన్‌సల్ఫ్యురాన్ మొదలెట్టారు. ఏటేటా అదే కొట్టేసరికి 1990ల మొదట్లోనే అక్కడి బాణం ఆకు దానికి లొంగడం మానేసింది. మలేసియాలో గుండె ఆకూ అదే దారి పట్టింది. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు కారణం ఇంకా తేలలేదు, పనిచెయ్యని మందు ఒంటిమీద పోసుకోడం ఎందుకు?

టెక్కలి వైపు కాలవ కింద ఊడ్చిన వాళ్లు, మీ మడిలో ఏది ఉందో ఆకూ వేరూ కనపడేలా ఫొటో పెట్టండి.