ధవళేశ్వరం దాగలి నుంచి సీఎన్‌సీ బెండింగ్ దాకా

ధవళేశ్వరం అనగానే కాటన్ దొర, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గుర్తొస్తాయి. అక్కడ ఆయన పెట్టించిన వర్క్‌షాప్ సంగతి చాలామందికి తెలీదు. ఆ రోజుల్లో ఇనుము వంచాలంటే కొలిమి, దాగలి, సమ్మెట. ఏ వంపుకి ఏ పనిముట్టు వాడాలో కమ్మరి చేతికే తెలుసు.

ఇప్పుడు రేకు వంచేది సీఎన్‌సీ ప్రెస్ బ్రేక్. పైన పంచ్, కింద వీ ఆకారపు గాడి ఉన్న డై, మధ్యలో రేకు. పంచ్ ఎంత లోతుకి దిగాలో కంప్యూటరే లెక్కేస్తుంది. కానీ ఏ డై పెట్టామో మనం చెప్పాలి.

మామూలు స్టీల్‌కి ఒక లెక్క ఉంది: గాడి వెడల్పు రేకు మందానికి సుమారు 8 రెట్లు. అంటే 3 మి.మీ. రేకుకి 24 మి.మీ. గాడి. అదే రేకుని 12 మి.మీ. గాడిలో వంచితే కనీసం రెట్టింపు ఒత్తిడి కావాలి. డై తట్టుకోలేక పగిలితే పక్కనున్న మనిషికే ప్రమాదం.

డై మార్చి, స్క్రీన్ మీద పాతదే ఉంచేస్తే? కోణం తప్పుతుంది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, తప్పు ఇన్‌పుట్ ఇస్తే తప్పు జవాబే వస్తుంది.

అందుకే మంచి షాపులో ప్రతి డై మీదా నంబరు, అది మోయగల టన్నులు కనిపిస్తాయి. వాడాక తుడిచి, దాని చోటులోనే పెడతారు. అప్పట్లో కమ్మరి గుర్తుపెట్టుకున్నదే ఇప్పుడు మనం రాసిపెట్టుకుంటున్నాం. ఈసారి ఫ్యాబ్రికేషన్ షాపుకి వెళ్తే, మెషిన్ కంటే ముందు ఆ డైల స్టాండ్ చూడండి!