ఆ బల్ల దగ్గర చోటెవరికి?

పికాసో 1912లో వేసిన ‘పేము అల్లిక కుర్చీతో స్టిల్ లైఫ్’ గురించి కళాచరిత్రకారులు రాసిందంతా పోగేస్తే ఒక అలమర నిండుతుంది. చిత్రం మాత్రం చాలా చిన్నది. ఎత్తు 29 సెంటీమీటర్లు, వెడల్పు 37. కోలగా ఉంటుంది, చుట్టూ చట్రానికి బదులు తాడు. కింది భాగంలో పేము అల్లిక కనిపిస్తుంది. అది పేమూ కాదు, చేత్తో గీసిందీ కాదు. ఆ అల్లికను అచ్చువేసిన ఆయిల్ క్లాత్ ముక్కని కాన్వాసుకి అంటించాడు.

1435లో అల్బెర్టి చిత్రాన్ని తెరిచిన కిటికీతో పోల్చాడు. ఒకే కన్ను, ఒకే చోట కదలకుండా నిలబడి చూసే లోకం అది. ఈ చిత్రం ముందు ఆ కన్నుకి నిలబడే చోటే దొరకదు. ఈ కోల ఆకారం పైనుంచి చూసిన గుండ్రటి బల్లా? అయితే గ్లాసు పక్కనుంచి ఎందుకు కనిపిస్తోంది? ఆ పేము, గాజుబల్ల గుండా కనిపించే కుర్చీయా, బల్లమీద పరిచిన గుడ్డా? ‘జూర్నాల్’ అనే మాటలోని మొదటి మూడక్షరాలు మాత్రం ఏ లోతూ లేకుండా తేలుతున్నాయి. ఫ్రెంచిలో ఆడటమనే అర్థమున్న ‘జుయే’కి కూడా అవే మొదటి అక్షరాలు. లోతుని చిత్రంలోంచి తీసేసి, ఆ పనిని చూసేవాళ్ల బుర్రకి అప్పజెప్పాడు పికాసో. అది అసాధారణమైన తెలివి, కాదనను.

కానీ ఈ ఆట కోసం అతను ఎంచుకున్నది స్టిల్ లైఫ్‌ని. 17వ శతాబ్దం నుంచీ ఫ్రెంచి అకాడమీ లెక్కలో పురాణ, చారిత్రక చిత్రాలది పై మెట్టు, స్టిల్ లైఫ్‌ది అట్టడుగు మెట్టు. పై మెట్టెక్కాలంటే నగ్నదేహాన్ని చూసి గీయడం నేర్వాలి. స్త్రీలకి ఆ తరగతుల్లోకి ప్రవేశం లేదు. పారిస్ ఎకోల్ దె బోజార్ వాళ్లని చేర్చుకోవడం మొదలుపెట్టింది 1897లో! అందుకే 1770లో అకాడమీలో చోటు సంపాదించిన ఆన్ వలయే-కోస్తేర్ లాంటి ప్రతిభావంతురాలు పళ్లూ పూలూ గవ్వలూ వేసింది. వేసినందుకు ‘అది ఆడవాళ్లకి తగిన ప్రక్రియ’ అన్నారు. తలుపు మూసిన వాళ్లే, లోపల మిగిలిపోయిన వాళ్ల ‘స్వభావం’ గురించి మాట్లాడటం మనకి సాహిత్యంలోనూ అలవాటైన సంగతే.

గ్రిసెల్డా పొలాక్ 1988లో వచ్చిన తన పుస్తకంలో బెర్త్ మొరిసో చిత్రాల్లోని స్థలాన్ని పరిశీలించింది. 1872 నాటి మొరిసో చిత్రంలో బాల్కనీ మీద ఒక స్త్రీ, ఒక పాప. కటకటాలకి అవతల పారిస్ అంతా ఉంది, ఇవతల ఉన్నది ఇరుకు. ఆ ఇరుకు, స్త్రీ బతికిన ఇరుకేనంటుంది పొలాక్. నాకు ఇక్కడే పేచీ మొదలవుతుంది. స్త్రీ చిత్రంలో లోతు తగ్గితే అది ఆమె జీవితం. నలభై ఏళ్ల తర్వాత పికాసో, బ్రాక్‌ల చిత్రాల్లో తగ్గితే అది సిద్ధాంతం. రెండూ ఒకటేనని నేననను. వాళ్లు లోతుని కావాలని వదులుకున్నారు. వదులుకోవడానికి ముందది వాళ్ల చేతిలో ఉంది.

ఇంతకీ బల్లమీద ఏమున్నాయి? పత్రిక, పొగాకు పైపు, గ్లాసు, కత్తి, నిమ్మచెక్క, ఆల్చిప్ప. ఇది కెఫేలో బల్ల. తీరిగ్గా పత్రిక చదువుతూ, పొగ తాగుతూ కూర్చునే మనిషిది. ఆ రోజుల్లో అలా ఒంటరిగా కూర్చున్న ఆడదాన్ని లోకం ఏ చూపు చూసేదో చెప్పనక్కర్లేదు. ఆయిల్ క్లాత్ మాత్రం వంటింటి సరుకు. చవకది, తడిగుడ్డ పెట్టి తుడిస్తే శుభ్రమయ్యేది. నేను చదివిన వ్యాసాల్లో ఎక్కువ దాన్ని ‘యంత్రాలు తయారుచేసిన వస్తువు’ అని వదిలేశాయి. యంత్రం తయారుచేసింది సరే, రోజూ తుడిచిందెవరు?

స్పెయిన్ నుంచి వచ్చి 1916లో పారిస్‌లో స్థిరపడిన మరియా బ్లాంచార్డ్ (1881-1932) కూడా ఆ ఏళ్లలో క్యూబిస్టు స్టిల్ లైఫ్‌లు వేసింది. హువాన్ గ్రిస్‌కి ఆప్తురాలు. తర్వాత మనుషుల బొమ్మల వైపు, తల్లులూ పిల్లల వైపు మళ్లింది. చాలాకాలం ఆమె పేరు గ్రిస్ గురించి రాసేటప్పుడు పక్కనొచ్చే పేరుగానే మిగిలింది. 2024లో ఆమె చిత్రాలతో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది, మాలగలోని పికాసో మ్యూజియంలో.